ఎనభై ఒక్క రోజులు, నాలుగు ప్రపంచ రికార్డులు: సుదూర పరుగు వెనుక రసాయన శాస్త్రం

రసాయన శాస్త్రం అనగానే సింగపూరు వాసులమైన మనకు జురాంగ్ దీవిలోని ఎత్తయిన స్వేదన స్తంభాలు, గొట్టాలు, నిల్వ ట్యాంకులు కళ్ల ముందు మెదలుతాయి. అంతకంటే సున్నితమైన, ఎంతో పొదుపుగా పనిచేసే కర్మాగారం ఒకటి ప్రతి మనిషి దేహంలోనూ రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. దాని సామర్థ్యం ఎంతో తెలుసుకోవాలంటే సుదూర పరుగును మించిన పరీక్ష లేదు. మన పిల్లలు పాఠశాలలో 2.4 కిలోమీటర్ల పరుగు పరీక్షకు సిద్ధమవుతూ జురాంగ్ వెస్ట్ స్టేడియంలో ఆయాసపడే వేళ, వారి కండరాలలో జరిగే చర్యలు ప్రపంచ విజేతల కండరాలలో జరిగేవే. తేడా వేగంలోనే కాని విధానంలో కాదు.

ఈ చర్యలను వివరించడానికి ఒక కెన్యా విద్యార్థి జీవితాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. అమెరికా విశ్వవిద్యాలయ క్రీడల చరిత్రలో అతని ఎదుగుదల అపూర్వమైనది. ఆ ఎదుగుదలకు కారణాలేమిటో, అది ఎందుకు నిలవలేదో పరిశీలిస్తే శరీర ధర్మాలతో పాటు మరొక విషయం కూడా బోధపడుతుంది.

హెన్రీ రోనో

హెన్రీ రోనో 1952 ఫిబ్రవరిలో కెన్యాలోని నంది కొండ ప్రాంతంలో జన్మించాడు. పసితనంలో కాలికి తీవ్రమైన గాయమై కొన్నేళ్లపాటు సరిగా నడవలేకపోయాడు. తమ ప్రాంతానికే చెందిన కిప్ కేనో 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల పరుగు గెలిచి దేశమంతటికీ ఆదర్శమయ్యాడు. ఆ స్ఫూర్తితోనే రోనో పరుగు బాట పట్టాడు. 1976లో అమెరికా వాయవ్య ప్రాంతంలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా చేరాడు. పుల్‌మన్ అనే చిన్న పట్టణంలో, గోధుమ పొలాల గుట్టల మధ్య ఉన్న విద్యాసంస్థ అది. అక్కడి శిక్షకుడు జాన్ చాప్లిన్.

చేరిన సంవత్సరమే రోనో అమెరికా విశ్వవిద్యాలయాల క్రాస్ కంట్రీ పోటీలో ప్రథముడయ్యాడు. 1977లోను, 1979లోను ఆ విజయాన్ని మళ్లీ సాధించాడు. కాని అతని పేరు చిరస్థాయిగా నిలిచింది 1978లో. ఆ వివరాలు ఇవి:

ఏప్రిల్ 8, బర్కిలీ: 5000 మీటర్లు, 13 నిమిషాల 8.4 సెకన్లు.
మే 13, సియాటిల్: 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్, 8 నిమిషాల 5.4 సెకన్లు.
జూన్ 11, వియన్నా: 10,000 మీటర్లు, 27 నిమిషాల 22.4 సెకన్లు.
జూన్ 27, ఓస్లో: 3000 మీటర్లు, 7 నిమిషాల 32.1 సెకన్లు.

ఈ నాలుగూ ప్రపంచ రికార్డులే. మొదటి తేదీని, చివరి తేదీని కూడా కలిపి లెక్కిస్తే సరిగ్గా 81 రోజులు. స్టీపుల్‌ఛేజ్‌లో 28 అడ్డంకులను, 7 నీటి గుంటలను దాటాలి. మిగిలిన మూడూ నున్నటి బాటపై సాగే పరుగులు. ఇంత భిన్నమైన పోటీలలో ఒకే వ్యక్తి, ఒకే కాలంలో, అదీ కళాశాల చదువు సాగిస్తూ ఇలా రాణించడం అంతకు ముందు లేదు, ఆ తరువాతా లేదు. 3000 మీటర్ల రికార్డు, స్టీపుల్‌ఛేజ్ రికార్డు పదకొండేళ్లు నిలిచి, రెండూ 1989లోనే చెరిగిపోయాయి.

కండరానికి కావలసిన నాణెం

కండరం బియ్యాన్ని గాని, చక్కెరను గాని నేరుగా వాడుకోలేదు. దానికి చెల్లుబాటయ్యే నాణెం ఏటీపీ అనే అణువు ఒక్కటే. దేహంలో ఏ క్షణాన చూసినా ఈ ఏటీపీ కొన్ని పదుల గ్రాములకు మించి ఉండదు. గట్టిగా పరుగెత్తితే ఆ నిల్వ కొద్ది సెకన్లకే సరిపోతుంది. కనుక ఖర్చయిన నాణేన్ని ఎప్పటికప్పుడు తిరిగి ముద్రించుకోవాలి.

ముద్రణకు రెండు మార్గాలున్నాయి. ఆక్సిజన్ అవసరం లేని మార్గంలో ఒక గ్లూకోజ్ అణువు నుండి రెండు ఏటీపీలు మాత్రమే లభిస్తాయి. ఆక్సిజన్ సహాయంతో మైటోకాండ్రియాలలో అదే అణువు పూర్తిగా దహనమైతే దాదాపు ముప్ఫై లభిస్తాయి. మొదటి మార్గం వేగవంతమే గాని దుబారా. రెండవది నిదానం, కాని పొదుపు. నూరు మీటర్ల పరుగు ప్రధానంగా మొదటి మార్గం మీద నడుస్తుంది. 10,000 మీటర్ల పరుగులో తొంభై శాతానికి పైగా శక్తి రెండవ మార్గం నుండే రావాలి.

మొదటి మార్గంలో వెలువడేది లాక్టేట్. కండరాలలో లాక్టిక్ ఆమ్లం, ఉష్ణం, ఆక్సిజన్ వినియోగం, వీటి మధ్య సంబంధాన్ని పరిశోధించినందుకు ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. చాలాకాలం లాక్టేట్‌ను అలసటకు మూలమైన వ్యర్థ పదార్థంగానే భావించారు. తరువాతి పరిశోధనలు, ముఖ్యంగా జార్జ్ బ్రూక్స్ చేసిన కృషి, ఆ అభిప్రాయాన్ని మార్చివేశాయి. ఒక కండరం విడిచిన లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు ఇంధనంగా స్వీకరిస్తాయి. పొరుగింటి పొయ్యిలో మిగిలిన బొగ్గు మన పొయ్యిలో మళ్లీ మండినట్లన్నమాట. శిక్షణ పొందిన క్రీడాకారుని దేహం లాక్టేట్‌ను తక్కువగా తయారుచేయడమే గాక, తయారైన దానిని త్వరగా వాడుకోగలుగుతుంది.

రక్తం మోసే బరువు

మరి ఆక్సిజన్ కండరానికి చేరేదెలా? రక్తంలోని హిమోగ్లోబిన్‌లో నాలుగు ఇనుప పరమాణువులుంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఆక్సిజన్ అణువును పట్టుకుంటుంది. ఇది ఉభయ దిశలలో నడిచే సమతాస్థితి చర్య. ఊపిరితిత్తులలో ఆక్సిజన్ ఎక్కువ కనుక చర్య కలయిక వైపు సాగుతుంది. శ్రమించే కండరంలో ఆక్సిజన్ తక్కువ, వేడి, ఆమ్లత ఎక్కువ కనుక విడుదల వైపు సాగుతుంది. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న లీ చాట్లియర్ సూత్రాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే, మోయగల ఆక్సిజన్ 20 మిల్లీలీటర్లు. మేటి పరుగు వీరుని గుండె నిమిషానికి 27 లీటర్ల రక్తాన్ని పంపుతుందనీ, అందులోని ఆక్సిజన్‌లో 85 శాతాన్ని కండరాలు తీసుకుంటాయనీ అనుకుందాం. నిమిషానికి 4.6 లీటర్ల ఆక్సిజన్ వినియోగమవుతుంది. మనిషి బరువు 60 కిలోలైతే, కిలోకు నిమిషానికి 77 మిల్లీలీటర్లు. హిమోగ్లోబిన్ 15 నుండి 16 గ్రాములకు పెరిగితే, మిగిలినవేవీ మారకపోయినా, అదే సంఖ్య 82 అవుతుంది. ఒక్క గ్రాము తేడా పోటీ ఫలితాన్నే మార్చగలదు.

కొండగాలి చేసే మేలు

నంది ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో కంటే ఐదో వంతు తక్కువ. ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఈ కొరతను మూత్రపిండాలు పసిగట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది ఎముకలలోని మూలుగును ప్రేరేపించి ఎర్ర రక్తకణాల ఉత్పత్తిని పెంచుతుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా గుర్తిస్తాయో కనుగొన్నందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదే హార్మోనును కృత్రిమంగా తయారుచేసి రక్తహీనతకు ఔషధంగా వాడటం 1980ల చివరలో మొదలైంది. ఆ మందు క్రీడలలోకి అక్రమంగా ప్రవేశించి ఎన్ని అనర్థాలు తెచ్చిందో పత్రికలు చదివేవారికి తెలుసు. మితిమీరిన ఎర్రకణాలతో రక్తం చిక్కబడి గుండెకే ముప్పు తెస్తుంది. రోనో రికార్డులు ఆ ఔషధం పుట్టక ముందటివి.

మన సింగపూరులో అత్యున్నత స్థలం బుకిట్ తిమా కొండ. ఎత్తు 164 మీటర్లకు మించదు. మన అరకులోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. దక్షిణ భారతంలో ఇటువంటి శిక్షణకు అనువైన చోటు నీలగిరులలోని ఊటీ. ఎత్తు 2240 మీటర్లు. కేనో బంగారు పతకం గెలిచిన మెక్సికో నగరం ఎత్తు కూడా దాదాపు అంతే కావడం గమనార్హం.

పొదుపు నేర్చిన కాళ్లు

ఎత్తయిన ప్రదేశంలో పుట్టడమే కారణమైతే నేపాల్, టిబెట్, పెరూ దేశాలవారు కూడా సుదూర పరుగును ఏలవలసింది. అలా జరగలేదు. కనుక మరో కారణం వెతకాలి.

స్వీడన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త బెంగ్ట్ సాల్టిన్, 1990ల తొలినాళ్లలో కెన్యా, స్కాండినేవియా పరుగు వీరులను పోల్చి చూశాడు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో మేటి క్రీడాకారుల మధ్య పెద్ద తేడా కనబడలేదు. కాని ఒకే వేగంతో పరుగెత్తినప్పుడు కెన్యావారికి తక్కువ ఆక్సిజన్ సరిపోయింది. లాక్టేట్ కూడా తక్కువగా పోగయింది. ఇంజను పెద్దది కావడం వేరు, తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్లడం వేరు.

దీని విలువను అంకెలలో చూద్దాం. రోనో 10,000 మీటర్లను గంటకు దాదాపు 21.9 కిలోమీటర్ల వేగంతో పూర్తి చేశాడు. అంటే 400 మీటర్ల చుట్టు ఒక్కొక్కటి 65.7 సెకన్లలో, అలా 25 చుట్లు. సామాన్యంగా ఒక కిలో బరువును ఒక కిలోమీటరు దూరం పరుగులో మోయడానికి 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఆ లెక్కన ఈ వేగానికి కిలోకు నిమిషానికి 73 మిల్లీలీటర్లు కావాలి. ఖర్చు 185 మిల్లీలీటర్లకు తగ్గితే 67.5 చాలు. పై భాగంలో హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెరిగితే కలిగిన లాభమూ, ఇక్కడి పొదుపు వలన కలిగిన లాభమూ దాదాపు సమానం.

ఈ పొదుపుకు ఒక కారణం సన్నని పిక్కలు. ప్రతి అడుగులోనూ కాలు లోలకంలా ఊగుతుంది. లోలకం చివర బరువు ఎంత తక్కువైతే ఊపడం అంత సులభం. బూటు బరువు 100 గ్రాములు పెరిగితే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

పుట్టుకా, సాధనా?

"అది వాళ్ల రక్తంలోనే ఉంది, మనవల్ల కాదు" అనే మాట మన ఇళ్లలో తరచుగా వింటాం. ఈ మాటను శాస్త్రం పూర్తిగా సమర్థించదు. శరీర నిర్మాణంలో వారసత్వం పాత్ర నిజమే. అయితే కెన్యా విజయాలన్నింటినీ వివరించే ప్రత్యేక జన్యువు ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. యానిస్ పిట్సిలాడిస్ బృందం జరిపిన పరిశీలనలలో, తూర్పు ఆఫ్రికా మేటి క్రీడాకారులలో ఎక్కువమంది బాల్యంలో రోజూ కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తుతూ బడికి వెళ్లినవారేనని తేలింది. ఇక కేనో వంటి ఒక విజేత ఊరిలో ఉంటే, "నేనూ చేయగలను" అన్న నమ్మకం వందలాది పిల్లలకు కలుగుతుంది. దానికి తోడు అమెరికా విశ్వవిద్యాలయాలు విద్యార్థి వేతనాలతో తలుపులు తెరిచాయి.

ఆ తలుపు నుండి వచ్చినవాడు రోనో ఒక్కడే కాదు. అతని 10,000 మీటర్ల రికార్డుకు ముందు ఆ రికార్డు శామ్సన్ కిమోబ్వాది. అతని స్టీపుల్‌ఛేజ్ రికార్డును 1989లో సవరించినవాడు పీటర్ కోయెచ్. ఇద్దరూ కెన్యావారే, ఇద్దరూ వాషింగ్టన్ స్టేట్ విద్యార్థులే. తరువాతి తరంలో ఎడ్వర్డ్ చెసెరెక్ ఒరెగాన్ విశ్వవిద్యాలయం తరఫున 2013 నుండి 2017 వరకు 17 జాతీయ విశ్వవిద్యాలయ టైటిళ్లు గెలిచాడు.

మన తెలుగునాట దీనికి దగ్గరి ఉదాహరణ విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి. ఆమెది సుదూర పరుగు కాదు, 100 మీటర్ల హర్డిల్స్. 2020లో అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అప్పటి జాతీయ రికార్డు కంటే అది మెరుగు. కాని అక్కడ మాదకద్రవ్య పరీక్ష జరగలేదన్న సాంకేతిక కారణంగా దానికి గుర్తింపు దక్కలేదు. ఆమె నిరుత్సాహపడక 2022లో 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయ మహిళగా, 2023లో ఆసియా విజేతగా నిలిచింది. ప్రతిభ ఒక్కటే చాలదు. దానిని కొలిచే ఏర్పాటు, నమోదు చేసే వ్యవస్థ కూడా ఉండాలని ఈ సంఘటన చెబుతుంది.

మన ఊరి గాలిలో పరుగు

ఇక జురాంగ్ వెస్ట్ పాఠకులకు పనికివచ్చే విషయం. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 2500 కిలోజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. అందులో దాదాపు 2000 కిలోజౌళ్లు వేడిగా మారుతుంది. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే దేహ ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలకు పైగా పెరగాలి. అంటే ప్రాణాంతకమన్నమాట. మనలను కాపాడేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. అయితే చెమట ఆవిరి కావాలి. కారి నేలపాలైతే ప్రయోజనం లేదు.

ఆవిరయ్యే వేగం చర్మం వద్ద, గాలిలో ఉన్న నీటి ఆవిరి పీడనాల తేడాను బట్టి ఉంటుంది. 35 డిగ్రీల తడి చర్మం వద్ద అది 5.6 కిలోపాస్కళ్లు. తెల్లవారుజామున 25 డిగ్రీలు, 95 శాతం తేమ ఉంటే గాలిలో ఆవిరి పీడనం 3.0. మధ్యాహ్నం 32 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే 3.1. శాతాలు చూసి ఉదయం చెమట ఆరదని భయపడతాం గాని, నిజానికి రెండు వేళలా తేడా ఒక్కటే. పైగా ఉదయం గాలి చల్లన, ఎండ ఉండదు. కాబట్టి మన పిల్లలు తెల్లవారుజామునే పరుగెత్తడం శాస్త్రసమ్మతం.

చెమటతో నీరే గాక ఉప్పు కూడా పోతుంది. గంటకు మించిన పరుగు తరువాత ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచి పానీయం. దాహానికి మించి నీరు తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడుతుంది. తల తిరగడం, వణుకు, మాట తడబడటం కనబడితే వెంటనే ఆపి, నీడకు చేర్చి, నీటితో దేహాన్ని తడుపుతూ వైద్యసహాయం కోరాలి.

చర్యను పరిమితం చేసినది

రసాయన చర్యలో అన్ని పదార్థాలూ సమృద్ధిగా ఉన్నా, ఒక్కటి తక్కువైతే చర్య అక్కడితో ఆగిపోతుంది. రోనో జీవితంలో ఆ తక్కువైనది ఏమిటి?

1976లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష వివాదం కారణంగా, 1980లో మాస్కో బహిష్కరణ కారణంగా కెన్యా ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ప్రపంచంలో అందరికంటె వేగంగా పరుగెత్తినవాడు ఒక్క ఒలింపిక్ పోటీలోనూ పాల్గొనలేకపోయాడు. ఇంటికి దూరంగా, కీర్తి మధ్యనే ఒంటరిగా ఉన్న అతను మద్యానికి బానిసయ్యాడు. కాలేయంలో మద్యం విచ్ఛిన్నమయ్యేటప్పుడు, ఇతర దహన చర్యలకు అవసరమైన ఎన్ఏడీ అనే సహాయక అణువును అది వాడుకుంటుంది. కొవ్వు దహనం మందగిస్తుంది, కొత్త గ్లూకోజ్ తయారీ తగ్గుతుంది, దేహం నీటిని కోల్పోతుంది. పైన చెప్పిన కర్మాగారంలో దాదాపు ప్రతి విభాగాన్నీ అది కుంటుపరుస్తుంది.

అయినా 1981 సెప్టెంబరులో నార్వేలోని క్నార్విక్ అనే చిన్న ఊళ్లో రోనో 5000 మీటర్లను 13 నిమిషాల 6.20 సెకన్లలో పరుగెత్తి తన రికార్డును తానే సవరించాడు. దేహం ఎంత క్షమాగుణం గలదో ఇది చూపుతుంది. కాని ఆ క్షమకూ హద్దుంది. తరువాతి సంవత్సరాలలో అతను నిలువ నీడ లేక ఆశ్రయ గృహాలలో తలదాచుకోవలసి వచ్చింది. చివరకు వ్యసనం నుండి బయటపడి, న్యూ మెక్సికో రాష్ట్రంలో స్థిరపడి, యువకులకు పరుగు నేర్పాడు. 2007లో ఆత్మకథ ప్రచురించాడు. 2019లో స్వదేశం చేరి, 2024 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

హిమోగ్లోబిన్, మైటోకాండ్రియా, సాధన, పట్టుదల, అన్నీ అతనికి సమృద్ధిగానే ఉన్నాయి. కొరతపడినది ఓడినప్పుడూ గెలిచినప్పుడూ "బాబూ, భోజనం చేశావా?" అని అడిగే మనిషి. ఈ మాట శాస్త్ర వ్యాసంలో ఇమడదని కొందరు అనవచ్చు. కాని మనలో చాలామందిమి చదువు కోసం, ఉద్యోగం కోసం ఇల్లు విడిచి వచ్చినవాళ్లమే. మన పిల్లలలో కొందరు రేపు మరింత దూరం వెళ్లబోతున్నవారే. వారికి మార్కులు, పతకాలు ఎన్ని వచ్చాయని అడగడంతో పాటు, వారి చుట్టూ ఎవరున్నారో కూడా తెలుసుకోవడం పెద్దల బాధ్యత. సంఘాలు ఏర్పడింది కూడా ఇందుకే గదా!

2.4 కిలోమీటర్ల పరుగులో వెనుకబడిన మీ అబ్బాయినో, అమ్మాయినో "మన వంశంలో ఎవరికీ పరుగు రాదులే" అని ఓదార్చకండి. వారానికి మూడు ఉదయాలు, మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నిదానంగా, మూడు నెలలపాటు సాధన చేయించండి. మైటోకాండ్రియాలు పెరుగుతాయి, కేశనాళికలు విస్తరిస్తాయి, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. దీనికి కొండలు అక్కరలేదు. వీలైతే మీరూ వెంట పరుగెత్తండి.